గ్లాస్టన్‌బరీ పొలంలో దోసె బండి

సోమవారం, జూన్ 19, 2023

తెల్లవారుజామున 3 గంటలకు ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో ఉన్న అద్దె వంటశాల నుంచి 22 పిండి బకెట్లను శీతల వ్యానులోకి ఎక్కించడంతో మా ప్రయాణం మొదలైంది. ఒక్కొక్క బకెట్టు 20 లీటర్లు పట్టేదే అయినా, పొంగడానికి చోటు వదిలి 18 లీటర్లే పోశాము. గరిటెకు 120 మిల్లీలీటర్ల చొప్పున బకెట్టుకు 150 దోసెలు, మొత్తం మీద 3,300 దోసెలు వస్తాయని బండి యజమాని లెక్క వేశారు. ఆయనది నెల్లూరు. నేను ఆయనను అన్న అనీ, ఆయన భార్యను వదిన అనీ పిలుస్తాను. మేము వెళ్తున్నది గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవానికి. 2019లోనూ 2022లోనూ వారిద్దరూ ఇదే ఉత్సవంలో దోసె బండి పెట్టారు. నడుమ 2020, 2021 సంవత్సరాలలో మహమ్మారి కారణంగా ఉత్సవం జరగలేదు కనుక ఈ లెక్కకు ఆధారం ఆ రెండు వేసవులే.

నాకు ఇది మొదటిసారి. చదువు ముగిసిన తర్వాత ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నాను కాబట్టి వారానికి ఇన్ని గంటలే పని చేయాలన్న నిబంధన నాకు లేదు. నేను పని చేసే కార్యాలయంలో సెలవు పెట్టి, ఆ ఏడాది ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన కనీస వేతనం గంటకు 10.42 పౌండ్లకు ఒప్పుకొని వచ్చాను. అయితే నన్ను రప్పించింది డబ్బు ఒక్కటే కాదు. మా నాన్నగారు నరసరావుపేటలో ఇరవై ఏళ్ళకు పైగా టిఫిన్ బండి నడిపారు. ప్రతి శివరాత్రికి ఆ బండిని కోటప్పకొండ తిరునాళ్ళకు తోలుకుపోయి, ప్రభల వెలుగులో రాత్రంతా అట్లు పోసేవారు. తిరునాళ్ళ వ్యాపారానికి ఆయన ఒకే కొలత పెట్టుకున్నారు: చివరి మనిషికి లేదనకూడదు, తెల్లవారేసరికి గిన్నె అడుగు కనబడాలి. ఆ రెండూ కలిసిరావడం ఎంత కష్టమో చిన్నప్పుడు చూశానే కానీ, నా చేతులతో ఎప్పుడూ తూచి చూడలేదు.

వ్యాను వెనుక బండిని కట్టుకొని ఎం5 రహదారి మీద నెమ్మదిగా సాగి, నాలుగున్నర గంటలకు సోమర్సెట్‌లోని పిల్టన్ గ్రామం చేరాము. ఉత్సవానికి గ్లాస్టన్‌బరీ పేరు ఉన్నప్పటికీ ఆ పట్టణం అక్కడికి ఆరేడు మైళ్ళ దూరంలో ఉంది. జరిగేది మాత్రం వర్తీ ఫామ్ అనే పాడి పొలంలో. 1970 సెప్టెంబర్ 19న మైకేల్ ఈవిస్ అనే రైతు ఒక పౌండు టికెట్టుతో, పాలు ఉచితంగా ఇచ్చి దీనిని మొదలుపెట్టినప్పుడు వచ్చినవారు సుమారు 1,500 మంది. ఇప్పుడు కార్మికులతో కలిపి రెండు లక్షల మందికి పైగా ఈ పొలంలో ఉంటారు, 2023లో టికెట్టు ధర 335 పౌండ్లు. మేము వెళ్ళేటప్పటికి జనం ఇంకా రాలేదు. లోయ నిండా ఖాళీ గుడారాలు, మధ్యలో ఉక్కుతో కట్టిన పిరమిడ్ వేదిక, అంచులలో పచ్చని కంచె పొదలు తప్ప ఏమీ కనబడలేదు.

మంగళవారం, జూన్ 20

ఈ రోజంతా బండిని నిలబెట్టడానికే సరిపోయింది. పిరమిడ్ వేదిక నుంచి వెస్ట్ హోల్ట్స్ వేదిక వైపు పోయే దారిలో మాకు చోటు ఇచ్చారు. చక్రాల కింద పలకలు వేసి మట్టం చూసుకోకపోతే పెనం మీద నూనె ఒక పక్కకే జారుతుంది. అందుచేత అన్న ఒక గిన్నెలో నీళ్ళు పోసి పెనం మీద పెట్టి, నాలుగు మూలలా అంచు సమానంగా వచ్చేదాకా పలకలు మార్పించారు. ప్రొపేన్ సిలిండర్లను బండి బయట నిలువుగా గొలుసుతో కట్టాము. తాగునీటికి వాడే నీలం రంగు పైపును వేరుగా ఉంచి, గిన్నెలు కడిగిన నీరు చుక్క కూడా నేల మీద పడకుండా ట్యాంకులోకి పోయేలా గొట్టం బిగించాము. ఉత్సవం ముగిశాక ఇదే గడ్డిని ఆవులు మేస్తాయి, ఈ పొలం గుండానే వైట్‌లేక్ అనే చిన్న ఏరు పారుతుంది. అందుకే నీళ్ళ విషయంలో ఇక్కడ ఎవరూ రాజీపడరు. ఆ పట్టుదల నాకు ఎంతో నచ్చింది.

సాయంత్రం రెండు పెనాలనూ కాల్చి, సగానికి కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి నూనెతో పదే పదే రుద్దాను. మొదటి నాలుగు దోసెలు అతుక్కున్నాయి. అయిదవది అట్లకాడ తగలగానే లేచింది.

బుధవారం, జూన్ 21

ఉదయం 8 గంటలకు ద్వారాలు తెరిచారు. తొమ్మిదిన్నరకల్లా చక్రాల బండ్లలో గుడారాలు, మడత కుర్చీలు లాక్కుంటూ జనం మా ముందు నుంచి ఏరులా సాగారు. పెద్ద వేదికల మీద సంగీతం శుక్రవారం కానీ మొదలు కాదు. అందువల్ల మొదటి రెండు రోజులూ వచ్చినవారికి నడవడం, చూడడం, తినడమే పని. ఆహారం అమ్మేవారికి ఈ రెండు రోజులూ ఎంత ముఖ్యమో నేను ముందుగా ఊహించలేదు.

అమ్మకం మొదలైన గంటకే నా తొందర బయటపడింది. వరుసలో నలభై మంది కనబడేసరికి పెనం చల్లబడక ముందే పిండి పోశాను. పెనం మరీ వేడిగా ఉంటే గరిటె తిప్పే లోపలే పిండి గట్టిపడి ముద్దలు ముద్దలుగా లేచివస్తుంది. అన్న నా పక్కకు వచ్చి, "తమ్ముడూ, వరుసను చూడబాక, పెనాన్ని చూడు" అన్నారు. నీళ్ళు చిలకరించి, అవి చిటపటలాడి ఆవిరయ్యే తీరును బట్టి తుడిచి, అప్పుడు పోయమన్నారు. ఆ తర్వాత రోజంతా నేను తల ఎత్తలేదు. మసాలా దోసెకు తొమ్మిది పౌండ్లు, సాదా దోసెకు ఆరు పౌండ్లు పెట్టాము. రాత్రి లెక్క చూస్తే నాలుగు బకెట్లు, అంటే 600 దోసెలు చెల్లిపోయాయి.

సంవత్సరంలో అతి పొడవైన పగలు ఇదే కావడం వల్ల రాత్రి 10 గంటలు దాటినా ఆకాశంలో వెలుగు మిగిలే ఉంది. ఎగువ పొలంలోని రాతి వలయం దగ్గర డప్పులు మోగుతున్నాయి. మేము మాత్రం మర్నాటి పిండి సంగతి చూసుకున్నాము. ఇంగ్లండులో వేసవి రాత్రి కూడా చల్లగానే ఉంటుంది, మన ఊళ్ళో లాగా గిన్నె మూతపెట్టి వదిలేస్తే పిండి పులవదు. కనుక అమ్మకం ముగిశాక ఇంకా వెచ్చగా ఉన్న బండిలోనే, పెనాల కింద నేల మీద నాలుగు బకెట్లు వరుసగా పెట్టి, నడుమ వేడినీళ్ళ గిన్నె ఉంచి తలుపులు మూస్తాము. వ్యానులో చల్లగా నిద్రపోతున్న పిండి అక్కడ మేలుకొని, ఉదయం ఎనిమిదికల్లా బకెట్టు నోటిదాకా వస్తుంది. మూడు పాళ్ళు బియ్యం, ఒక పాలు మినప్పప్పు, గుప్పెడు మెంతులు అన్న కొలత నరసరావుపేటలో ఎంతో ఇక్కడా అంతే. పులిసే వేళను మాత్రం మేమే కల్పించాలి.

గురువారం, జూన్ 22

ఉదయం ఆహార భద్రత అధికారిణి తనిఖీకి వచ్చారు. ఆమె చేతిలో సూది మొనగల థర్మామీటరు ఉంది. ఆలూ కూర మధ్యలో గుచ్చి చూశారు, సాంబారు గిన్నెలో చూశారు. వేడిగా ఉంచే పదార్థం 63 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గరాదు, చల్లగా ఉంచేది 8 డిగ్రీలు దాటరాదు. రెండు గంటలకొకసారి వదిన రాసిన అంకెల పట్టికను ఆమె పేజీ పేజీ తిరగేశారు. ఆ తర్వాత పెనాల కింద ఉన్న బకెట్ల దగ్గర ఆగి, ఇవి ఫ్రిజ్‌లో ఎందుకు లేవని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వండని పిండి రాత్రంతా బయట ఉండడమన్నది ఆమె శిక్షణ ప్రకారం ప్రమాదకరం. పిండిలోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పెరిగే కొద్దీ పులుపు పెరిగి, హానికర క్రిములు నిలవలేని స్థితి వస్తుందని వదిన వివరించి, పులుపును కొలిచే పిహెచ్ కాగితపు ముక్కను పిండిలో ముంచి చూపారు. పులుపు ఎంత ఎక్కువైతే ఈ అంకె అంత తగ్గుతుంది. రంగు 4.6 కంటే కిందనే పలికింది. అధికారిణి ఆ అంకెను రాసుకొని, ప్రతి ఉదయం దీనిని కూడా పట్టికలో చేర్చమని చెప్పి, ఒక సాదా దోసె కొనుక్కొని వెళ్ళారు. మన వంటిళ్ళలో ముక్కుతో తేల్చుకునే విషయం ఒక కాగితం మీద రంగుగా కనబడడం నాకు సంతోషాన్ని ఇచ్చింది.

పదార్థాల పలక గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బ్రిటన్‌లో 14 రకాల అలర్జీ పదార్థాలను కొనేవారికి తప్పనిసరిగా తెలపాలి. వాటిలో ఆవాలు ఉన్నాయి, నువ్వులు ఉన్నాయి, వేరుశెనగ ఉంది. తాలింపు వేసిన ప్రతి గిన్నెకూ ఆవాల గుర్తు పెట్టవలసి వచ్చింది. అంతకంటే సూక్ష్మమైనది ఇంగువ. మనం దుకాణంలో కొనే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారు. బియ్యం, మినుములతో చేసిన దోసెలో గోధుమ లేదనుకొని గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రొటీన్) పడనివారు నమ్మకంతో మా దగ్గరికి వస్తారు, సాంబారులోని చిటికెడు ఇంగువ ఆ నమ్మకాన్ని వమ్ము చేయగలదు. అందుకని వదిన బియ్యప్పిండి కలిపిన ఇంగువను వెతికి తెప్పిస్తారు. విదేశాలలో టిఫిన్ అమ్మే తెలుగువారందరికీ ఈ ఒక్క సంగతి తెలిసి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

మధ్యాహ్నం అన్న కేకలో తెలుగు వినబడి ఒక జంట ఆగారు. కార్డిఫ్‌లో ఉంటారట. ఆమె పలక చదివి, "పల్లీల చట్నీ లేదాండీ?" అని అడిగారు. గుంటూరు జిల్లాలో పుట్టినవాడిని, ఆ మాటకు నాకూ మనసు చివుక్కుమంది. ఒకే గరిటె, ఒకే బల్ల మీద గంటకు తొంభై దోసెలు పోయే ఈ ఇరుకులో వేరుశెనగ పొడి ఎక్కడ అంటుకున్నా ఎవరి ప్రాణం మీదికైనా రావచ్చని, కొబ్బరి ఆ 14లో లేదు కనుక కొబ్బరి చట్నీ, టమాటా పచ్చడితోనే సరిపెట్టామని చెప్పాను. ఆమె ఆసుపత్రిలో పిల్లల విభాగంలో నర్సు. అటువంటి పిల్లలను చూశానని, మీరు చేసింది సరైనదేనని అన్నారు. తర్వాత మూడు రోజులూ వారిద్దరూ రోజుకొకసారి వచ్చారు.

శుక్రవారం, జూన్ 23

ఈ రోజు నా వల్ల నష్టం జరిగింది. గురువారం రాత్రి గాలి మామూలు కంటే వెచ్చగా ఉంది. పిండిని తెల్లవారుజామున 5 గంటలకే చూసి, పొంగినదాన్ని వ్యానులోకి మార్చే బాధ్యత నాది. పన్నెండు గంటల నిలుపు తర్వాత పడుకున్న నేను ఏడున్నర దాకా లేవలేదు. తలుపు తీసేసరికి రెండు బకెట్ల మూతలు పక్కకు తొలగి, పిండి నేల మీద పారి, బండి అంతా పుల్లని వాసన నిండి ఉంది. ఒక్కొక్క బకెట్టులో దాదాపు సగం పోయింది. మిగిలినది దోసెకు పనికిరానంత పులిసింది. నేను తలవంచుకొని నిలబడ్డాను. అన్న ఒక్క మాట కూడా అనలేదు. వదిన మిగిలిన పిండిలో వ్యానులోని పులవని చల్లటి పిండి కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర తరిగి పెట్టి, ఆ రోజు పలక మీద ఊతప్పం అని చేర్చారు. పులిసిన పిండి ఊతప్పానికి సరిగ్గా సరిపోతుందని మా అమ్మ కూడా అంటుంది. మధ్యాహ్నానికి అవన్నీ అమ్ముడుపోయాయి. అయినా మొత్తం లెక్కలో ఒక బకెట్టు, అంటే 150 దోసెలు తగ్గాయి, ఆదివారం రాత్రి దాకా ఆ తరుగు నన్ను వెంటాడింది.

సంగీతం మొదలైన తర్వాత వ్యాపారం పూర్తిగా మారిపోయింది. అప్పటి నుంచి వరుస పొడవును నిర్ణయించేది ఆకలి కాదు, వేదికల సమయ పట్టిక. ఒక కచేరీ ముగిసిన పది నిమిషాలకు వెల్లువలా జనం వస్తారు, తరువాతిది మొదలయ్యేసరికి నేల ఖాళీ అవుతుంది. వదిన ఆ పట్టికను కత్తిరించి గ్యాసు మీట పక్కన అతికించారు. దానిని బట్టి ఎప్పుడు ఆలూ కూర వేడి చేయాలో, ఎప్పుడు రెండో పెనం ఆర్పాలో తేల్చేవాళ్ళము. సాయంత్రం ఆరుంపావుకు పిరమిడ్ మీద ద చర్న్‌అప్స్ అని ఎవరూ వినని పేరు ఉంది. వారెవరో కాదు, ఫూ ఫైటర్స్ అనే పేరుమోసిన రాక్ బృందమని జనం పసిగట్టేశారు. ఆరు గంటలకు మా ముందు నిలబడ్డ పాతికమంది వరుస వదిలి ఒక్కసారిగా అటు పరుగెత్తారు. పెనం మీద ఉన్న ఆరు దోసెలనూ మేమే తిన్నాము. ఆ పూట మా భోజనం అదే.

శనివారం, జూన్ 24

ఎండ బాగా కాసింది. బురదకు పేరుబడ్డ ఈ పొలంలో ఆ ఏడు దుమ్ము లేచింది. బండి లోపల పెనాల సెగకు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఇక్కడ 2019 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలలో నీళ్ళు అమ్మరు. అందరూ సీసాలు వెంట తెచ్చుకొని కుళాయిల దగ్గర నింపుకోవాలి. మా వద్దకు వచ్చి నీళ్ళు అడిగిన ప్రతివారికీ ఎదుటి కుళాయి చూపించాము. ఒక వృద్ధురాలికి మాత్రం వదిన లోపలి నుంచి మజ్జిగ కలిపి ఇచ్చారు.

సాయంత్రం గాయకుడు లూయిస్ కపాల్డి పాడుతున్న సమయంలో మా దగ్గర వరుస పలచగా ఉంది. గాలి మా వైపు వీస్తున్నందువల్ల పాట స్పష్టంగానే వినబడింది. చివరికి వచ్చేసరికి ఆయన గొంతు తెగిపోతోంది, శరీరం మాట వినడం లేదని వింటేనే తెలుస్తోంది. ఆయనకు టూరెట్ సిండ్రోమ్ (శరీరం తనంతట తానే అదుపు లేకుండా కదిలే నాడీ సమస్య) ఉందని అంతకుముందు ఏడాది ఆయనే బహిరంగంగా చెప్పారు. ఆయన ఆగినచోట వేలమంది ఎత్తుకొని పాట పూర్తి చేశారు. మా బండి ముందు పళ్ళెం పట్టుకొని నిలబడ్డవారు కూడా తినడం ఆపి పాడారు. నేను ఈ వారంలో ఒక్క కచేరీ కూడా కళ్ళతో చూడలేదు. ఆ ఒక్క పాటకు మాత్రం గ్యాసు తగ్గించి, అట్లకాడ పక్కన పెట్టి, పాట అయ్యేదాకా నిలబడి విన్నాను.

ఆదివారం, జూన్ 25

ఉదయం వ్యానులో మూడున్నర బకెట్లు మిగిలాయి, అంటే 525 దోసెలు. ఆదివారం 600 దాకా పోతాయని గత రెండుసార్ల అనుభవం చెబుతోంది. నా వల్ల పోయిన ఆ ఒక్క బకెట్టు ఉండి ఉంటే ఈ చింత ఉండేది కాదు. గరిటె చిన్నది చేద్దామా అని నేను అడిగితే అన్న ఒప్పుకోలేదు. ఆరు పౌండ్లు ఇచ్చినవాడికి బుధవారం ఎంత దోసె వేశామో ఆదివారమూ అంతే వేయాలన్నారు.

మధ్యాహ్నం మూడు దాటాక, క్యాట్ స్టీవెన్స్‌గా పేరుపడ్డ గాయకుడు యూసఫ్ పాటలకు పిల్లలతో వచ్చిన కుటుంబాలు కదిలాయి. అయిదు గంటలకల్లా నాలుగు రోజుల అలసట అందరి ముఖాలలోనూ కనబడింది. రాత్రి 9 గంటలకు గాయకుడు ఎల్టన్ జాన్ పిరమిడ్ వేదిక ఎక్కారు. వీడ్కోలు యాత్రలో బ్రిటన్‌లో అదే ఆయన చివరి కచేరీ కావడం వల్ల పొలంలోని మనుషులందరూ అక్కడికే పోయినట్లు అనిపించింది. మా దారి మీద కాగితం కదిలినా వినబడేంత నిశ్శబ్దం, కొంచెం అవతల లక్ష గొంతుల హోరు. కోటప్పకొండలో ప్రభలు కదిలేటప్పుడు కూడా అంగళ్ళ వరుస ఇలాగే ఒక్కసారి ఖాళీ అవుతుంది. నాన్నగారు ఆ సమయంలో కూర్చోకుండా పెనం తుడిచి, పొయ్యి సన్నగా మండేటట్లు ఉంచేవారు. తిరిగి వచ్చే జనం ఆకలితో వస్తారని ఆయనకు తెలుసు. మేమూ అలాగే ఒక పెనం ఆర్పి, రెండోదాన్ని సెగ మీద ఉంచాము. ఆ రెండు గంటలలో వచ్చింది అయిదుగురే. నలుగురు కాపలా విధిలో కదలలేని భద్రతా సిబ్బంది, ఒకరు చెత్త డబ్బాలు మార్చే అమ్మాయి.

పాటలు ముగిసి బాణసంచా వెలిగిన పావుగంటకు జనం వచ్చారు. అర్ధరాత్రి దాటి ఒంటిగంట వరకు రెండు పెనాలూ ఆగలేదు. ఆఖరి బకెట్టును వంచి గరిటెతో గీకి పోస్తుండగా వరుసలో ఇంకా ముగ్గురు ఉన్నారు. ముగ్గురికీ వచ్చాయి.

సోమవారం, జూన్ 26

తెల్లవారి చూస్తే లోయ నిండా వదిలిన గుడారాలు, వాటి మధ్య సంచులు పట్టుకొని వరుసగా నడుస్తున్న చెత్త ఏరే కార్యకర్తలు. మేము మురుగునీటి ట్యాంకును ఖాళీ చేయించి, వాడిన నూనెను డబ్బాలకెత్తి, బండిని ముందుకు లాగాము. కింద గడ్డి పసుపు రంగుకు తిరిగి చతురస్రంగా కనబడింది. అన్న మోకాళ్ళ మీద కూర్చొని ఆ చోటంతా చేత్తో తడుముతూ జిడ్డు తగిలినచోట మట్టిని పారతో ఎత్తి సంచిలో వేశారు. నేను ఉల్లిపొట్టు, రెండు చెక్క ఫోర్కులు ఏరాను.

వాహనాల వరుసలో రెండు గంటలు నిలబడవలసి వచ్చినప్పుడు ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఆరోగ్యం, నిద్ర, తిండి అడిగింది. తర్వాత నాన్నగారు ఫోన్ తీసుకొని, పిండి ఎంత మిగిలిందని అడిగారు. గరిటెడు, అదీ చివరి బకెట్టు అంచులకు అంటుకున్నదేనని చెప్పాను. వరుసలో ఎవరినైనా తిప్పి పంపారా అని అడిగారు. లేదన్నాను.